ఆగి ఆగి ఆడే పెట్టె

ఆ ఇంటి ప్లేయరులో డిస్కు పెడితే మారుమాట లేకుండా ఆడేది. నెట్‌లో వచ్చేదేదైనా చూపించమంటే మాత్రం కొత్తల్లుడిలా అలిగేది. కథ మంచి పట్టులో ఉండగా బొమ్మ నిలిచిపోయి, తెర నడుమ ఒక చక్రం తాపీగా తిరుగుతూ ఉండేది.

"మళ్ళీ చతికిలబడ్డాడు వెధవ!" అనేవాడు మామగారు.

ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. బానెట్ ఎత్తకుండానే, చప్పుడు విని ఇంజిను జబ్బు చెప్పేస్తాడని పేరు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలో ఇద్దరి మధ్యా "భోంచేస్తారా?", "ఊఁ" అన్నవాటికి మించి మాటలు నడిచేవి కావు. భర్తది సాయంత్రపు షిఫ్టు. ఆ పొడుగాటి సాయంత్రాలను గట్టెక్కించింది ఈ పెట్టే. చక్రం తిరుగుతున్నంతసేపూ ఊరుకోలేక, ఆమె అంతదాకా నడిచిన కథను పూసగుచ్చినట్లు తిరిగి చెప్పేది. దాని మీద ఇద్దరూ వాదులాడుకునేవారు.

"లాయరే చంపాడు మామయ్యా. మొహం చూస్తే తెలియట్లా?"

"మొహం చూసి ఉరి తీసేట్టున్నావే! నువ్వు జడ్జీవి కాకపోవడం లోకం చేసుకున్న పుణ్యం."

ఊహ తెలియకముందే తండ్రిని పోగొట్టుకున్న ఆమెకు ఆ వెటకారం ఎంతో తీయగా ఉండేది. తనకు మాట నేర్పిన ఆ చక్రానికి మనసులోనే దండం పెట్టుకునేది.

ఒక సెలవునాడు భర్త గోడ వెంబడి తీగ లాగి, ప్లేయరును నేరుగా నెట్ పెట్టెకు కలిపాడు. "ఇక ఆగమన్నా ఆగదు నాన్నా" అన్నాడు గర్వంగా.

నిజంగానే ఆగలేదు. మామగారు ఒక సాయంత్రం ఉలుకూ పలుకూ లేకుండా చూశాడు. మర్నాడు కళ్ళు మండుతున్నాయని మధ్యలోనే లేచి వెళ్ళాడు. ఆ తరువాత గదిలోంచి బయటికే రాలేదు. తన నోటిదురుసు ఏమైనా నొప్పించిందేమోనని కోడలు మథనపడింది. ఉండబట్టలేక, కాఫీ ఇస్తూ కదిపింది.

"మొన్న తోటమాలి అంత మాట అనేశాడేంటి మామయ్యా?"

"పాపం, పని ఇప్పించమని బతిమాలుతున్నాడుగా."

ఆమె తలెత్తి ఆయన ముఖంలోకి చూసింది. చేతులు జోడించి ఏడుస్తూ ఆ తోటమాలి ఒప్పుకున్నది హత్య! ఈయనకు ఇన్నాళ్ళూ కథ చెప్పింది తెర కాదు, తానే.

చప్పుడు విని బతికిన మనిషిని ఆ మాట ఎలా అడగడం? ఆ సాయంత్రం ఆమె ప్లేయరు వెనుక తీగను కాస్త వదులు చేసి, "మామయ్యా, మళ్ళీ చతికిలబడింది, రండి!" అని కేకేసింది. ఆయన వచ్చాడు. ఆమె చెబుతున్నంతసేపూ ఆమె పెదవులనే చూస్తూ కూర్చున్నాడు. పిమ్మట మెల్లగా లేచి, పెట్టె వెనుకకు చెయ్యి పోనిచ్చి, తీగను బిగించాడు.

"చెవుడొచ్చిన చెవిలో పువ్వులెందుకమ్మా?"

"తప్పయిపోయింది మామయ్యా."

"తప్పు నాది. చెబితే పరువు పోతుందనుకున్నాను. పరువు దాచుకుని గదిలో ఒంటిగాణ్ణి అయ్యాను." ఆయన గొంతు సవరించుకున్నాడు. "రేపు చెవుల డాక్టరు దగ్గరికి నాతో రా. మీ ఆయనకు నేనే చెప్పుకుంటాను, నువ్వు కల్పించుకోకు."

"రాకేం మామయ్యా! నేను రాకపోతే డాక్టరు చెప్పింది మీకెవరు చెబుతారు?" అనేసి నాలిక కరుచుకుంది. ఆయన విరగబడి నవ్వాడు. కోడలి కళ్ళు చెమ్మగిల్లాయి.

"సరేగానీ, తోటమాలి దగ్గరికి తిప్పు. వాణ్ణి ఆపి, ఏమన్నాడో సరిగ్గా చెప్పు."

ఆమె రిమోట్‌తో బొమ్మను నిలిపి, ఆ ఒప్పుకోలును అక్షరం పొల్లుపోకుండా వినిపించింది. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"అబద్ధం. వాడు ఎవరినో వెనకేసుకొస్తున్నాడు."

"లాయర్నే మామయ్యా!"

"నీకు ఆ లాయరంటే ఎందుకే అంత కచ్చ?"