పారేయని మాత్రలు

తాండూరు స్టేషన్ రోడ్డులో పరమేశ్ ఛాయ్ ఎంత ఫేమసో, పరమేశ్ నోరూ అంతే ఫేమస్. ఆ పరమేశ్‌ను నేనే. ఆ నోటితోనే నా భార్య ఇంద్రమ్మను మూడు నెలలు కాల్చుకు తిన్నాను.

ఇంద్రమ్మ గర్భసంచిలో గడ్డ ఉంది, ఆపరేషన్ చేయాలి. వికారాబాద్ డాక్టరమ్మ పరీక్ష చేయించి, రక్తం ఏడు గ్రాములే ఉందన్నది. పది దాకా వస్తేగాని ఆపరేషన్ చేయనని ఐరన్ మాత్రలు రాసింది. నెల తర్వాత చూస్తే అదే ఏడు. రెండో నెల ఏడుంపావు. గడ్డ ఊరుకుంటుందా? నెలనెలా రక్తం పోగొట్టి ఆమెను పిండేస్తూనే ఉంది. గిన్నెలు తోముతూ కళ్ళు తిరిగి గోడ పట్టుకునేది. నాకు భయం. భయమేస్తే కోపమొస్తుంది నాకు, అదొక రోగం.

"గోలీలు మింగుతలేవు నువ్వు. పారేస్తున్నవ్."

"మింగుతున్న గదా! కడుపుల తిప్పినా మింగుతున్న."

"మింగితే రక్తమెందుకు పెరుగదు? నా చెవుల పువ్వు పెడ్తున్నవా?"

అంతటితో ఆగానా? యాలాల్‌లో ఉన్న బామ్మర్ది ఎల్లప్పకు ఫోన్ చేసి, మీ అక్క మందులు చెత్తలో పారేస్తోందని చాడీ చెప్పాను. వాడు పరుగున వచ్చి, గిరాకీల ముందే "నీకు బతకాలని లేదా అక్కా?" అని గట్టిగా అరిచిపోయాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇప్పుడన్నా బుద్ధొస్తుందిలే అనుకున్నాను, పాపిష్టివాణ్ణి.

మూడో నెల మళ్ళీ వికారాబాద్ పోయాం. ఏడున్నర. ఆమె పక్కనుండగానే డాక్టరమ్మకు ఫిర్యాదు చేశాను. డాక్టరమ్మ నన్ను పట్టించుకోలేదు.

"ఇంద్రమ్మా, గోలీలు దేంతోని మింగుతున్నవ్?"

ఇంద్రమ్మ ముఖం వెలిగింది. "మా ఆయన ఛాయ్‌తోని మేడం. పొద్దుగాల పొయ్యి మీదికెల్లి దించంగనే మొదటి గ్లాసు నాకే ఇస్తడు. ఎంత పెద్ద గిరాకీ వచ్చినా నా తర్వాతనే బోణీ. లగ్గమైనప్పటిసంది గంతే. గా గ్లాసు లోపలికి తీస్కపోయి గోలీ ఏస్కుంట."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. "అయ్యో, ఛాయ్‌తోని మింగితే మందు ఒంటికి పట్టదమ్మా. ముందు రెండు గంటలు, ఎన్క రెండు గంటలు ఛాయ్ ముట్టొద్దు. నిమ్మకాయ నీళ్ళతోని మింగు. ఇంకో నెల చూద్దాం. అప్పటికీ పెరగకుంటే ఐరన్ సూది ద్వారా ఎక్కిద్దాం."

దొంగే దొంగా దొంగా అని అరిచినట్టయింది నా పని. వాంతి అణచుకుని ఒక్క మాత్ర వదలకుండా మింగిన మనిషిని ఊరందరి ముందు దోషిని చేశాను. ఆమె రక్తానికి అడ్డం పడింది నేను పోసిన ఛాయే. తల ఎత్తలేకపోయాను.

బయట బెంచీ మీద కూర్చున్నామో లేదో, ఎల్లప్ప ఫోన్. ఎంత పెరిగిందని అడిగాడు. నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"బామ్మర్దీ, తప్పు..."

ఇంద్రమ్మ ఫోన్ గుంజుకుంది. "ఏం లేదు తమ్మీ, జరంతనే పెరిగింది. గోలీలు నేనే సరిగ్గ మింగలే. మీ బావ చెప్పింది నిజమే."

"గట్లెందుకు చెప్తున్నవే?" అన్నాను.

ఫోన్‌కు అరచేయి అడ్డం పెట్టింది. "ఊకో నువ్వు. నన్నయితే తిట్టి మర్శిపోతడు. నిన్నయితే జన్మల మర్వడు."

మళ్ళీ చెవికి పెట్టుకుంది. అవతల ఎల్లప్ప తిట్లు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె "ఊఁ... ఊఁ..." అంటోంది. ఫోన్ నా చేతికందేంత దూరంలోనే ఉంది. తీసుకోలేదు.