పైనుంచి వచ్చిన నీళ్ళు

బీమా కంపెనీ సర్వేయరు పదింటికి వస్తాడన్నారు. పదకొండయింది. ఓడీల్ రెండోసారి కాచిన కాఫీ కూడా చల్లారిపోయింది. ఇతను మూడో సర్వేయరు. మొదటివాడు వాకిట్లో నిలబడి రెండు ఫోటోలు తీసుకుని, ఆ వారంలోనే ఉద్యోగం మానేశాడు. రెండోవాడు గడప తొక్కనే లేదు. "మీ కాగితాలు మాకు అందలేదమ్మా, మళ్ళీ పంపండి" అన్నాడు. మళ్ళీ పంపింది. అవి చేరేలోగా వాణ్ణి వేరే రాష్ట్రానికి మార్చేశారు. ఫోను చేస్తే ఒకటి నొక్కండి, నాలుగు నొక్కండి అని చెప్పి, ఆ తర్వాత నలభై నిమిషాలు పిల్లనగ్రోవి పాట వినిపిస్తారు. ఆ పాట ఎవడు వాయించాడో గానీ, కనబడితే వాడి పిల్లనగ్రోవి విరిచి ఇంటి ముందున్న పాయలో పారేద్దామన్నంత కసిగా ఉంది ఆమెకు.

నిజానికి లూసియానా రాష్ట్రంలో, సముద్రానికి అంత దగ్గరగా ఉన్న ఆ పాయ ఒడ్డున ఓడీల్ అంత జాగ్రత్త మనిషి ఇంకొకరు లేరు. ముప్ఫయ్యేళ్ళు బడి బస్సు నడిపింది. ఏటా జూన్ ఒకటిన, తుపానుల కాలం మొదలైన రోజునే, గది గదికీ ఫోటోలు తీసి పెట్టుకుంటుంది, బీరువా తలుపులు తెరిచి మరీ. ఇంటి కాగితాలూ బీమా పత్రమూ నీళ్ళు చొరని సంచిలో ఉంటాయి. కిటికీలకు బిగించే ప్లైవుడ్ చెక్కల మీద ఏది ఏ కిటికీదో రాసి ఉంటుంది. ఊరు వదిలేముందు ఫ్రీజరులో గడ్డకట్టిన గ్లాసుడు నీళ్ళ మీద ఒక నాణెం పెట్టి వెళ్తుంది. తిరిగొచ్చాక నాణెం గ్లాసు అడుగున కనిపిస్తే మధ్యలో కరెంటు పోయి అంతా కరిగిందని అర్థం. ఇన్ని చేసింది గానీ మొగుణ్ణి స్తంభానికి కట్టేసి వెళ్ళడం మాత్రం మర్చిపోయింది.

ఆగస్టులో తుపాను వస్తోందనగానే ఆమె అత్తగారిని తీసుకుని ఒపెలూసాస్‌లో ఉన్న చెల్లెలింటికి వెళ్ళింది. మొగుడు క్లోవిస్ రాలేదు. రొయ్యల పడవను వదిలి రానన్నాడు.

"సరే, ఉండు. కానీ ఇంట్లో ఏదీ ముట్టుకోకు. ముందు ఫోటోలు తియ్యి, తర్వాతే ఏదైనా. వినబడిందా?"

"వినబడిందే తల్లీ. నాకేం చెవుడా?"

ఫోటోలు తీశాడు. పడవవి పదకొండు. బావమరిది షెడ్డు గాలికి ఎగిరి చెట్టెక్కితే దానివి నాలుగు. తన ట్రక్కు మీద వాలిన గూడబాతువి ఆరు. ఇంటి లోపలిది ఒక్కటంటే ఒక్కటి లేదు.

తుపాను రాత్రి గాలి ఇంటి వెనక సగానికి కప్పు లేపేసింది. తెల్లవార్లూ వాన ఇంట్లోనే కురిసింది. పాయలో నీళ్ళు మాత్రం రెండో మెట్టు దాకా వచ్చి వెనక్కి పోయాయి. గడప దాటలేదు. ఓడీల్ బీమాకు కావలసింది సరిగ్గా అదే. గాలి కప్పు లేపితే, ఆ దారిన వాన పడి పాడైన వాటికి డబ్బిస్తారు. నేల మీదనుంచి వచ్చిన వరదకైతే పైసా ఇవ్వరు. వరద బీమా వేరు. దాని రేటు పెంచి పెంచి ప్రాణం తీస్తున్నారని రెండేళ్ళ కిందట మొగుడూ పెళ్ళాలే అది కట్టడం మానేశారు.

ఆ పాయ మీద ఒక పద్ధతి ఉంది. తుపాను వెలిసిన మర్నాడు ఎవరూ తమ ఇంటి పని చూసుకోరు, ముందు పక్కింటికి పోతారు. ముప్ఫైమంది గునపాలూ రంపాలూ పట్టుకుని క్లోవిస్ ఇంటికి వచ్చారు. కప్పు మీద నీలం టార్పాలిన్ కట్టారు. అక్కడితో ఆగితే వాళ్ళకి పుణ్యముండేది. ఇంట్లోకి దిగి, గోడల పొడుగునా నేలనుంచి నాలుగడుగుల ఎత్తులో సుద్ద దారం కొట్టి, ఆ గీతకి కింద గోడలకి బిగించి ఉన్న జిప్సం పలకలన్నీ కోసి రోడ్డు పక్కన కుప్ప పోశారు. వాళ్ళకి తెలిసిన తుపాను అదే. తాతల నాటినుంచి అక్కడ నీళ్ళు కిందనుంచే వచ్చాయి, బురద పట్టిన గోడ కింది నాలుగడుగులూ కోసెయ్యడం వాళ్ళ చేతులకి అలవాటైపోయింది. తల పైకెత్తి చూసినవాడు ముప్ఫైమందిలో ఒక్కడూ లేడు.

ఓడీల్ తిరిగొచ్చేసరికి పై గోడలు నీళ్ళు కారుతూ అలాగే ఉన్నాయి. పొడిగా ఉండాల్సిన కింది గోడలు లేవు.

"నీళ్ళు పైనుంచి కదయ్యా వచ్చాయి!" అంది.

"అవును."

"మరి కింద ఎందుకు కోశారు?"

క్లోవిస్ గోడల కేసి చూశాడు, కప్పు కేసి చూశాడు. "ఎప్పుడూ కిందే కదే కోస్తాం" అన్నాడు.

ఆ మాటన్నాక ఆరు వారాలు గడిచాయి. అత్తగారు ఒపెలూసాస్‌లోనే ఉండిపోయింది. ఇద్దరూ ముందు గదిలో, ఒక పరుపూ ఒక స్టవ్వూ పెట్టుకుని ఉంటున్నారు. క్లెయిము రాకపోతే ఈ ఇల్లు నిలబెట్టుకునే దారి లేదు. వచ్చిన ధరకి అమ్మేసి ఒపెలూసాస్ పోవడమే. ఆ ఊళ్ళో పాయ లేదు, పడవ కట్టుకునే రేవు లేదు. క్లోవిస్ అక్కడ ఆర్నెల్లు కూడా బతకడని ఆమెకు తెలుసు. అందుకే అతని మీద అంత మంట.

పదకొండున్నరకి సర్వేయరు కారు ఆగింది. పేరు హాగన్. నెబ్రాస్కానుంచి వచ్చాడు. పొడుగ్గా, ఎండకి కందిపోయి, మొహమాటంగా ఉన్నాడు. కాఫీ వద్దన్నాడు. ఓడీల్ బలవంతాన ఇచ్చింది.

అతను గది గదీ తిరిగాడు. టేపు పెట్టి గోడల కోత కొలిచాడు. అంతటా నాలుగడుగులే.

"అమ్మా, కప్పుకి గాలి నష్టం కింద రాస్తాను. లోపలిది మాత్రం వరద. మీ పాలసీలో వరద లేదు."

"వరద కాదు బాబూ. నీళ్ళు గడప కూడా దాటలేదు."

"దాటకపోతే గోడలు కింద మాత్రమే ఎందుకు కోశారు?"

ఓడీల్ పళ్ళు బిగించి మొగుడి వైపు తిరిగింది. "చెప్పవయ్యా, ఎందుకు కోశారో చెప్పు. నెబ్రాస్కానుంచి వచ్చాడు పాపం, తెలుసుకుని పోతాడు."

"అలవాటండీ" అన్నాడు క్లోవిస్, టోపీ చేతిలో నలుపుతూ.

హాగన్ దాన్ని కాగితం మీద ఎలా రాయాలో తెలియనట్టు కలం పట్టుకుని నిలబడ్డాడు. గొంతులు విని పక్కింటినుంచి ఓడీల్ తమ్ముడు అల్సీద్ వచ్చి గుమ్మంలో చేరాడు. అతని ఇల్లు పల్లంలో ఉంది. మోకాలెత్తు నీళ్ళు అతనింట్లోకి నిజంగానే వచ్చాయి.

అప్పుడు తట్టింది ఓడీల్‌కి. వంటింటి ద్వారబంధం! క్లోవిస్ తాత కాలంనుంచి ఏ తుపానుకి ఇంట్లో నీళ్ళు ఎంతెత్తు వచ్చాయో ఆ చెక్క మీద గీత గీసి తేదీ వేస్తున్నారు. పాయ మీద ఎవరు కొత్త ఇల్లు కట్టుకున్నా, పునాది ఎంత లేపాలో తెలుసుకోవడానికి ముందు ఆ గీతలు చూసే పోతారు. చర్చి ఫాదరు మాటనైనా అనుమానిస్తారు గానీ ఆ చెక్కని అనుమానించరు.

"ఇటు రా బాబూ" అని హాగన్ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. "ఇదిగో చూడు. వందేళ్ళుగా మా ఇంట్లోకి వచ్చిన ప్రతి వరదకీ ఇక్కడ గీత ఉంది. ఒక్కటి కూడా వదల్లేదు. ఈ ఏడాది గీత ఉందేమో నువ్వే చూడు!"

"వద్దే..." అన్నాడు వెనకనుంచి క్లోవిస్.

హాగన్ వంగి చూశాడు. మోకాలెత్తున, కొత్త పెన్సిలుతో గీసిన గీత నల్లగా మెరుస్తోంది. పక్కన ఈ ఆగస్టు తేదీ ఉంది. కింద క్లోవిస్ సంతకం కూడా ఉంది.

హాగన్ ఫోటో తీసుకున్నాడు.

ఓడీల్ గిర్రున మొగుడి వైపు తిరిగింది. "నీ చెయ్యి పడిపోను! ఎవరు గీయమన్నారయ్యా నిన్ను? నీళ్ళు వచ్చాయా? నీ మోకాలు తడిసిందా? నా కొంప నువ్వే ముంచుతూ పైగా సంతకం కూడానా!"

క్లోవిస్ ముఖం ఎర్రబడింది. అల్సీద్ గుమ్మానికి ఆనుకుని వింటున్నాడు. క్లోవిస్ అతన్నీ చూశాడు, సర్వేయర్నీ చూశాడు. ఇప్పుడు నోరు విప్పితే ఆ చెక్క మీద నమ్మకం పోతుంది, విప్పకపోతే ఇల్లు పోతుంది.

"అది అబద్ధపు గీతండీ" అన్నాడు చివరికి. "నేనే గీశాను. నీళ్ళు రాలేదు. తాత గీశాడు, నాన్న గీశాడు. నా హయాంలో ఇంత పెద్ద తుపాను వచ్చిపోతే గుర్తన్నదే లేకుండానా అనిపించింది. ఇదిగో వీడింట్లో మోకాలిదాకా వచ్చాయి. మా ఇంట్లో ఏమీ లేదంటే నామోషీ అనిపించింది."

"నామోషీయా! బావా, నా ఇల్లు మునిగిందని నీకు కుళ్ళా?" అన్నాడు అల్సీద్. "ముందే చెప్తే నా బురద సగం నీకే ఇచ్చేవాణ్ణి కదా!"

హాగన్ నిట్టూర్చాడు. "అయ్యా, మీరు చెప్పేది నేను నమ్మినా మా ఆఫీసు నమ్మదు. గోడలు కోసున్నాయి, గీతకి సంతకం ఉంది. నీళ్ళు రాలేదనడానికి ఏదైనా చూపించండి."

ఏముంది చూపించడానికి? చూపించగలిగినవన్నీ ముప్ఫైమంది పుణ్యాత్ములు కోసి రోడ్డు మీద పారేశారు. ఓడీల్ కిటికీలోంచి ఆ కుప్ప కేసి చూసింది. దాన్ని ఎత్తించమని ఆరు వారాలుగా రోజూ ఫోను చేస్తోంది. లారీ ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అంటూనే ఉన్నారు. జన్మలో మొదటిసారి ఆమెకు ఆ లారీవాళ్ళ సోమరితనం మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

"కుప్ప!" అని అరిచింది. "కోసిన పలకలు కుప్పలోనే ఉన్నాయి. బయటికి పదండి, అందరూ."

"అందులో మీ గోడలేవో, పక్కవాళ్ళవేవో ఎలా తెలుస్తుంది?" అన్నాడు హాగన్.

"నా వంటింటి రంగు చూస్తే తెలుస్తుంది" అంది ఓడీల్.

నిరుడు ఆమె వంటింటికి చిలకపచ్చ వేయించింది. ఆ రంగు చూస్తే చిలకే ఎగిరిపోతుందని క్లోవిస్ వెక్కిరించాడు. అల్సీద్ ఏడాది పాటు ఆ వంటింట్లోకి నల్ల కళ్ళజోడు పెట్టుకునే వచ్చాడు. ఆ పాయ మొత్తం వెతికినా అలాంటి గోడ రెండోది లేదు.

నలుగురూ కుప్ప మీద పడ్డారు. తడిసి బరువెక్కిన పరుపు లాగారు, తలుపూడిన ఫ్రిజ్ పక్కకి దొర్లించారు. వాటి అడుగున, వాన తగలని చోట, చిలకపచ్చ పలకలు దొంతరగా కనబడ్డాయి. అల్సీద్ ఒకటి పైకెత్తి నిలబెట్టాడు. రంపం కోసిన పై అంచునుంచి గోధుమరంగు చారలు కిందికి కారి, సగం దూరం రాకముందే ఎండిపోయాయి. నేలకి తగిలే అంచు శుభ్రంగా ఉంది. బురద లేదు, మరక లేదు.

అల్సీద్ తన కుప్పలోంచి ఒక తెల్ల పలక తెచ్చి పక్కన పెట్టాడు. దానికి మోకాలెత్తు దాకా బూడిదరంగు బురద అట్టగట్టి ఉంది. "వరద వస్తే ఇలా ఉంటుందండీ. నాకు వరద బీమా ఉంది లెండి, మీ కంపెనీ కాదు" అన్నాడు.

హాగన్ మోకాళ్ళ మీద కూర్చుని రెండింటికీ ఫోటోలు తీశాడు. మరో ఆరు పచ్చ పలకలు తిరగేసి చూశాడు. తర్వాత తన కాగితం మీద ఏదో కొట్టేసి, కొత్తగా రాసి, ఓడీల్‌కి చూపించాడు. గాలి వల్ల కప్పు తెరుచుకుని వాన నీళ్ళతో నష్టం అని ఉంది.

"లోపలిది కూడానా?"

"లోపలిది కూడానమ్మా. చెక్కు రావడానికి నెల పడుతుంది. ఈలోగా దయచేసి ఇంకేమీ కోయకండి."

"నేను కోస్తే కదా" అంది ఓడీల్.

కారు వెళ్ళిపోయాక ముగ్గురూ వంటింట్లోకి వచ్చారు. క్లోవిస్ జేబులోంచి చాకు తీసి తన గీతని గీకడం మొదలుపెట్టాడు. అల్సీద్ ఎగతాళి చేస్తాడని ఓడీల్ అనుకుంది. చేయలేదు. ద్వారబంధం మీద, నడుమెత్తున ఉన్న పాత గీత దగ్గర వేలు పెట్టి నిలబడ్డాడు. ముప్ఫయ్యొక్కేళ్ళ కిందటి గీత అది.

"బావా, నేను ఇంటిని జాకీలు పెట్టి పైకి లేపించాలనుకుంటున్నాను. ఎంత లేపాలో ఈ గీతని బట్టే చూసుకున్నాను." అతని గొంతులో వెటకారం లేదు. "ఇది కూడా నువ్వు గీసిందే కదా?"

క్లోవిస్ చెయ్యి ఆగిపోయింది. నిజమే అందామని నోరు తెరిచాడు. ఇప్పుడు తను చెప్తే ఎవరు నమ్ముతారు?

ఓడీల్‌కి అతన్ని ఇంకా నాలుగు తిట్టాలనే ఉంది. నెల రోజులకి సరిపడా తిట్లు కడుపులో ఉన్నాయి. కానీ వంగిపోయిన ఆ భుజాలు చూస్తే మనసొప్పలేదు.

"అది నిజంరా" అంది తమ్ముడితో. "అప్పుడు లాంతరు పట్టుకుంది నేను. కడుపులో పెద్దది ఉంది, తొమ్మిదో నెల. నీళ్ళు ఇదిగో ఇక్కడ తగిలాయి." పొట్ట మీద చెయ్యి పెట్టి చూపించింది. "ఆ చల్లదనం నాకింకా గుర్తుంది. నువ్వు దాన్ని చూసే లేపించుకో."

అల్సీద్ తలూపి వెళ్ళిపోయాడు. క్లోవిస్ చాకు మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఓడీల్ చూడనట్టే సొరుగులోంచి పెన్సిలు తీసి అతని చేతిలో పెట్టింది.

"ఈ ఏడాదిది గీయి. ద్వారబంధం పైన అడ్డచెక్క మీద. తేదీ వేసి, నీళ్ళు పైనుంచి వచ్చాయని రాయి. మనవలు కోసేముందైనా ఓసారి తల పైకెత్తి చూస్తారు."

"అలాగేనే."

"ఇంకోసారి దొంగగీత గీశావంటే మాత్రం నిన్నే నాలుగడుగుల దగ్గర కోసి కుప్పలో పడేస్తాను."

క్లోవిస్ కుర్చీ తెచ్చుకుని ఎక్కాడు.