టిక్కు పడిన పొగడ్త

మా ఇంట్లో పసిబిడ్డను బాగున్నాడని ఎవరూ అనరు. దిష్టి భయం. పది నెలల నా కొడుకు ఓబులేష్‌ను మా అత్త భీమక్క "ఏరా నల్లకోతీ" అంటూనే ఎత్తుకుంటుంది.

నా కూతురు శివజ్యోతి నాలుగో తరగతి. ఇంగ్లీషు సారు ప్రేమయ్య పొగిడే మాటలు నేర్పిస్తున్నాడు. దేనికి ఏ మాట తగునో చూసుకుని రోజుకొక వాక్యం రాసుకుపోవాలి. సరిగ్గా ఉంటే ఎర్ర పెన్నుతో టిక్కు పెడతాడు.

సోమవారం మా మల్లెచెట్టును 'ఫ్రేగ్రెంట్' అని రాసింది. టిక్కు పడింది. సాయంత్రానికి మొగ్గలన్నీ మాడిపోయాయి. మంగళవారం వాళ్లవ్వ పోసే దోసె 'డెలిషియస్'. దానికీ టిక్కే. ఆ పూటే ఇరవై ఏళ్ల ఇనుప పెనం పొయ్యి మీద రెండుగా పగిలింది. బుధవారం మా ఎనుమును 'హ్యాండ్సమ్' అని రాస్తే సారు కొట్టేశాడు. ఎనుము ఎప్పటిలాగే పాలిచ్చింది.

ఇవన్నీ అప్పుడు కలిపి చూసుకోలేదు నేను.

గురువారం శివజ్యోతి పెన్సిలు చెక్కుకుంటూ అడిగింది. "అమ్మా, తమ్ముని గురించి రాస్తాండా. లవ్లీ అంటే సరిపోతాదా?"

"రాయి పాపా."

అత్త తలెత్తింది. "బిడ్డను పొగడొద్దని ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

"ఇంగ్లీషులో కదత్తా. ఏడో తరగతి సదివిన నాకే తెలీదు, దిష్టికి యాడ తెలుస్తాది?"

శుక్రవారం మధ్యాహ్నానికి జ్వరంతో బిడ్డ ఒళ్లు కాలిపోయింది. పాలు తాగలేదు. ఏడవనూ లేదు. గోడ దగ్గర ఎవరో నిలబడినట్టు అటే చూస్తున్నాడు. పత్తికొండ డాక్టరు సూది వేసి పంపాడు. అత్త ఉప్పు, మిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు.

"శానా దిష్టి ఉండాది," అంది మెల్లగా.

అంతలో శివజ్యోతి బడి నుంచి వచ్చి పుస్తకంలో 'మై బ్రదర్ ఈజ్ లవ్లీ' చూపించింది. "టిక్కు పడిందమ్మా."

పేజీలు వెనక్కి తిప్పాను. మల్లె. దోసె. కొట్టేసిన ఎనుము. టిక్కు పడినవే దెబ్బతిన్నాయి.

'లవ్లీ'ని రబ్బరుతో రుద్దాను. పెన్సిలు రాతే, కాగితం అరిగిందిగానీ మాట పోలేదు. దాని ముందున్న 'బ్రదర్' మాత్రం ముట్టుకోగానే పోయింది, ఎవరో జరిగి చోటిచ్చినట్టు. ఆ చోట వంకర అక్షరాలతో 'మదర్' అని రాశాను.

ఉయ్యాలలో బిడ్డ గట్టిగా ఏడ్చాడు. నుదురు తడిమితే చెమట.

అప్పుడు పొయ్యిలోంచి మిరప ఘాటు లేచింది. అత్త బిడ్డనెత్తుకుని దగ్గుతూ బయటికి పరుగెత్తింది. శివజ్యోతి కళ్లు నులుముకుంటూ వెనకే పోయింది.

ఆ పొగ మధ్యనే నేను పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. నాకు ఏ ఘాటూ తగలలేదు.