ఎండల వదిలిన పూల సంచి

మీరే చేసిన్రు ఇదంతా. బతుకమ్మలు పెట్టే జాగల కూలర్ తెచ్చి నిలవెట్టింది మీరు. ఎవల బతుకమ్మ ఎత్తుగుంటే వాళ్లకే కూలర్ అని మైకుల చెప్పింది మీరు. సూరత్ నవాగామ్‌ల మన గల్లీ ఆడోళ్లు ఒకలకు తెల్వకుండ ఒకలు పూలు దాచుకునే కాలం తెచ్చింది ముత్తన్నపల్లె సంఘం పెద్దమనుషులైన మీరే. కొమురవ్వ చేసిన తప్పు కొమురవ్వదే, కాదనేటోళ్లు ఎవ్వలు లేరు. కానీ ఆ తప్పును ఆమె చేతికి అందించింది ఎవలో కూడా తెల్వాలె.

ముత్తన్నపల్లె నుంచి బట్ట నేసే సాంచల పనికి సూరత్ వచ్చిన ఇండ్లు ఆ గల్లీ నిండ ఉన్నయి. ఇక్కడ సాంచలు దీపావళికే ఆగుతయి, దసరాకు ఆగయి. మనుషులు బతుకమ్మకు ఊరికి పోలేరు గనుక, ఊరే గోనెసంచులల్ల కూసొని సూరత్ బస్సెక్కి వస్తది. తంగేడు, గునుగు, కట్లపూలు. ఒకప్పుడు ఆ సంచులన్నీ నల్లా కాడ ఒక పెద్ద ప్లాస్టిక్ పట్టా మీద కుమ్మరించేటోళ్లు. ఎవల అన్న పంపిండు, ఎవల అవ్వ పంపింది అని అడిగేటోళ్లు లేరు. చుట్టూ కూసొని ముచ్చట పెట్టుకుంట, ఎవలకు కావల్సినన్ని వాళ్లు తీసుకునేది. పంపేటోళ్లు లేని ఇల్లు కూడా నిండు బతుకమ్మనే ఎత్తుకొని పోయేది.

నిరుడు మీ సంఘం అధ్యక్షుడు వెంకటయ్యకు ఆలోచన పుట్టింది. ఎత్తు బతుకమ్మకు మిక్సీ ఇస్తమన్నడు. అంతే, ఆ యేడు సంచుల మీదికి పేర్లెక్కినయి. పట్టా మడతవడి ఎవలింట్లనో మంచం కిందికి పోయింది.

ఆ మిక్సీ కొట్టింది లింగవ్వ. కొమురవ్వకూ లింగవ్వకూ నడుమ ఒక్క గోడ. పొద్దుగాల లేస్తే ఆ గోడవతల గుర్రుమని మోగుడే. లింగవ్వ చట్నీ రుబ్బుతున్నదా, తనను రుబ్బుతున్నదా అనిపించేది కొమురవ్వకు. ఇంట్లనే కూలికి కుట్టు చీరెల దారాలు కత్తిరిస్తున్న చెయ్యి ఆ సప్పుడుకు ఆగేది. మొగడు దశరథంతో చెప్తే, మిక్సీ మోగకుంటే వాళ్లకు చట్నీ ఎట్లయితదని నవ్విండు. ఆ నవ్వుకు ఆయనకు ఆ పూట కూరల కారం ఎక్కువైంది.

మిక్సీ ఒక్కటే అయితే ఎట్లనో మింగేది. లింగవ్వ బతుకమ్మ ఫొటో ‘ముత్తన్నపల్లె ముచ్చట్లు’ అనే వాట్సాప్ గ్రూపుల పడ్డది. ఎవల బర్రె ఈనింది, ఎవల పొలం గట్టు వానకు తెగింది, ఎవల బిడ్డకు సంబంధం కుదిరింది, అన్నీ అందులనే వస్తయి. ఊరంతా చూసింది. కొమురవ్వ అన్న పెండ్లాం పనిగట్టుకొని ఫోన్ చేసి, నీది గూడ కనవడ్డది తియ్, మూలకు చాయ్ గిన్నె బోర్లిచ్చినట్టు ఉన్నది అన్నది. ఆ అన్న ఒక్కనాడన్న చెల్లెకు గుప్పెడు గునుగు పంపలే. లింగవ్వకేమో అన్న లింగం యేటేటా సంచి కుట్టి పంపుతడు. కొమురవ్వకు కడుపుల మండింది మిక్సీకి కాదు, లింగవ్వకు అసొంటి అన్న ఉన్నందుకు.

సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే బంతిపూలు కొందామని ఆమె రోడ్డు మీదికి పోయింది. అప్పుడే ఊరి బస్సు వచ్చి ఆగింది. క్లీనర్ ఒక తడి సంచి దించి పాన్ డబ్బా పక్కకు ఆనిచ్చిండు. సంచి మీద ఎర్ర రంగుతోని లింగవ్వ పేరు. లింగవ్వ ఫోన్ ఎత్తుతలేదు, మీరు పక్కింటోళ్లే కదా, జర చెప్పున్రి, నీళ్లు చల్లిన పూలు, జల్ది విప్పి ఆరబెట్టకుంటే ఉడికిపోతయి అని కొమురవ్వకు అప్పజెప్పి బస్సెక్కిండు. ఆమె తలూపింది.

బస్సు సాయంత్రం వస్తదనుకొని లింగవ్వ రింగ్ రోడ్ మార్కెట్ల చీరెలు మడతపెట్టే పనికి పోయింది. పనిల ఫోన్లు సంచులల్ల పెట్టిస్తరు, అది కొమురవ్వకు ఎరుకే. దుకాణం నంబర్ కూడా ఆమె కాడ ఉన్నది. ఫోన్ చేసే పని లేకున్నా, సంచిని జరంత డబ్బా వెనుక నీడకు జరిపితే అయిపోయేది. ఒక్క చెయ్యి పడితే చాలు. ఆ చెయ్యి లేవలే. నేనేమన్నా చెడగొట్టిన్నా, ముట్టుకోలే గదా అని తనకు తనే చెప్పుకొని బంతిపూలతోని ఇంటికొచ్చింది.

పొద్దు నడినెత్తికి వచ్చినంక మనసు నిలువక మళ్ల పోయింది. నీడ అవతలికి జరిగింది. సంచి మీద నిండా ఎండ. దగ్గరికి పోతే పచ్చగడ్డి కుప్ప ఉడికిన వాసన. ఆమె వంగి సంచి చెవి పట్టుకున్నది కూడా. అప్పుడు చెవుల మిక్సీ మోగింది. విడిచిపెట్టి వచ్చింది.

సాయంత్రం ఆటో దిగిన లింగవ్వకు ఆ సంచి తనంతట తనకే కనవడ్డది. ఈడ్చుకొచ్చి వాకిట్ల కుమ్మరించింది. తంగేడు నల్లవడ్డది. గునుగు చేతికి మెత్తగ అంటుకుంటున్నది. గల్లీ ఆడోళ్లు మూగిన్రు. అందరికన్న గట్టిగ అయ్యో అన్నది కొమురవ్వనే.

లింగవ్వ ఏడువలే. చేతికందినవి ఏరుకుంట కూసున్నది. కుప్ప నడుమ నుంచి ఒక మూట బయటపడ్డది. పాత చీరె కొంగు చింపి కట్టిన మూట. ఆకుపచ్చ మీద ఎర్ర గళ్లు. ఆ చీరెను కొమురవ్వ చిన్నప్పటి నుంచి చూసింది, దాని మీద పండుకున్నది.

“వదినె, ఇది నీదే,” అన్నది లింగవ్వ. “బాలవ్వత్త మా అన్న సంచిల పెట్టిచ్చింది. నిన్ననే అన్న చెప్పిండు. చేతిల పెట్టి నీ మొకం చూద్దామని చెప్పకుండ ఆపిన.”

కొమురవ్వ మూట విప్పలే. విప్పకముందే వాసన చెప్పింది. అప్పుడే ఫోన్ మోగింది, ఊరి నుంచి కన్నతల్లి బాలవ్వ. పత్తి చేన్ల గట్ల మీద ఏరిందట. నడుము వంగకున్నా కూసొని జరుక్కుంట ఏరిందట. కోడలికి తెల్వకుండ లింగం చేతికిచ్చిందట. “ఈ యేడు నీది గూడ ఫొటోల పడాలె బిడ్డా. అందినయా?”

“అందినయి అవ్వా.”

ఫోన్ పెట్టేసింది.

నల్లా వెనుక ఖాళీ జాగల బతుకమ్మలు చేరినయి. పక్క సొసైటీల గర్బా పాటలు దంచుతున్నయి. నడిమిట్ల దండేసి పెట్టిన కూలర్, దాని చుట్టూ బతుకమ్మలు. లింగవ్వది తాంబాళంల చారెడంత. కొమురవ్వది ఎప్పటిలెక్కనే బంతిపూల చాయ్ గిన్నె. అందరికన్న ఎత్తుది వెంకటయ్య కోడలు సుభాషిణిది, లోపల ఇనుప సువ్వలు, పైన మార్కెట్ల పూలు.

వెంకటయ్య మైకు పట్టి ఊరి వార్తలు చదివిండు. ఎవలింట్ల తొట్టెల అయింది, ఎవలు కొత్త బోరు వేసిన్రు, దసరాకు ఎవలెవలు కలిసి యాట కోస్తున్నరు. వార్తలయినంక గెలిచింది సుభాషిణి అన్నడు. చప్పట్లు పడ్డయి.

కొమురవ్వ లింగవ్వ మొకం చూసింది. లింగవ్వ కూలర్ దిక్కు చూసి, సుభాషిణి దిక్కు చూసి, పండ్లు బిగవట్టింది. ఆ చూపు కొమురవ్వకు ఎరుకే. నిరుటి నుంచి అద్దంల దాన్నే చూస్తున్నది. రేపటి నుంచి ఆ చూపు ఇంకో గోడ దాటుతది, ఇంకో సంచి ఎండల పడుతది.

ఆమె పోయి మైకు గుంజుకున్నది.

“వెంకటయ్య మామా, ఒక వార్త మిగిలింది. లింగవ్వ పూల సంచి పొద్దుగాలనే బస్సు దిగింది. చెప్పుమని నాకు అప్పజెప్పిన్రు. నేను చెప్పలే, నీడకు జరపలే. మా అవ్వ ఏరిన పూలు గూడ అండ్లనే ఉడికినయి.”

లింగవ్వ తన తాంబాళం కాడి నుంచి ముంగటికొచ్చింది.

“మిక్సీ సప్పుడుకేనా వదినె?”

“మిక్సీ సప్పుడుకే.”

ఎవలో కిసుక్కున నవ్వి ఊకున్నరు. లింగవ్వ నవ్వలే. వెంకటయ్య మైకు కోసం చెయ్యి చాపి, ఇయ్యన్నీ ఇండ్లల్ల మాట్లాడుకునేటియి, బహుమతి పెట్టింది మన పండుగ పెద్దగ చేద్దామనే అన్నడు. కొమురవ్వ మైకు ఇయ్యలే.

“లింగవ్వ నన్నేమన్నా పడుత, అది మా ఇద్దరి లెక్క. ఇది నీ లెక్క. పాట ఎత్తకముందే ఆ కూలర్‌ను నడుమల నుంచి తీయి మామా, తీసి అంగన్‌వాడి పిల్లల కాడ పెట్టు. సంచుల మీద పేర్లు రాయొద్దని గ్రూపుల ఇప్పుడే, మా అందరి ముంగట పెట్టు. ఆ పట్టా ఎవలింట్ల మంచం కింద ఉన్నదో ఇయ్యాల్నే బయటికి తియ్యాలె. వచ్చేయేడు బస్సు ఆగంగనే అది పరువాలె, వచ్చిన ప్రతి సంచి దాని మీదనే కుమ్మరియ్యాలె. కూలర్ కదిలి, గ్రూపుల ఆ మాట పడేదాక ఇక్కడ ఒక్క ఆడామె పాటకు చప్పట్లు కొట్టది. లే మామా, కూలర్ పట్టు.”