తొట్టిల పండుకున్నోళ్లు

ఆలూరు చర్చిల శనివారం పొద్దుగూకకముందు కడుగుడు పని ఉంటది. ఆడోళ్లు చీపుర్లు, బకెట్లు పట్టుకొని వస్తరు. రేకుల షెడ్డు ఊడుస్తరు, పట్టాలు దులిపి పరుస్తరు, మైకు మీది దుమ్ము తుడుస్తరు. ఆఖరికి స్టేజి పక్కన ఉన్న బాప్తిస్మం తొట్టి మీది చెక్కలు తీసి మెట్ల మీది పాకురు గీకుతరు. నీళ్లు మాత్రం తీయరు. అడుగున మనుషులు పండుకొని ఉంటరు గద, ఎట్ల తీస్తరు?

ఆ పండుకున్నోళ్లు పరాయోళ్లేం గాదు, ఊరోళ్లే. బాప్తిస్మంల ముంచి లేపితే కొత్త మనిషి లేస్తడు, పాత మనిషి నీళ్లల్ల ఉండిపోతడు. ఏ పాస్టరైనా చెప్పే మాటనే ఇది. ఆలూరుల అది కండ్లకు కనవడ్తది, గంతే తేడా. ఒకరి మీద ఒకరు, బస్సుల నిద్రపోయినట్టు, కండ్లు మూసుకొని ఉంటరు. వాళ్లకు వయసు రాదు. పిల్లలు వంగి చూసి "అగో మా పెద్దమ్మ, ముక్కుపుడక చూడు" అంటరు. పెద్దమ్మ పక్కనే నిలవడి "అప్పుడు నాకు జుట్టెంత ఉండెనో" అని మురుస్తది.

లిదియా ఒక్కతే తొట్టిలకు చూడదు. చెయ్యి మెట్టు మీద, చూపు గోడ మీద. ఎందుకంటే అందరికంటె పైన పండుకున్నోడు ఆమె మొగడు బాల్‌రాజ్. ఆ తొట్టిల ఆఖరి బాప్తిస్మం ఆయనదే.

బాల్‌రాజ్ సంగతి జర చెప్పాలె. ట్రాలీ ఆటోల చేవెళ్ల మార్కెట్టుకు క్యారెట్టు, టమాట ఏస్తుండె. పొద్దున పాటలు పాడుకుంట పోయేటోడు, మళ్లొచ్చేటప్పుడు తాగి వచ్చేటోడు. బయట నలుగురిని నవ్వించెటోడు, ఇంట్లకొస్తే చెయ్యి ఆగకపోయేది. లిదియా ఎడమ చెవు ఆయన దెబ్బకే పోయింది. కొట్టి కొట్టి అలిసినంక, లిదియానే ఆయన రొమ్ము మీద చెయ్యి అడ్డమేసి ఒత్తి పట్టుకునేది. అట్ల పట్టుకుంటేనే పండుకునేటోడు. ఒకనాడు బిడ్డ ఆశా జుట్టు పట్టి గోడకు కొట్టబోయిండు. తెల్లారి లిదియా పోయి పాస్టర్ గిద్యోను ముంగట కూలవడి ఏడ్చింది. గిద్యోను వచ్చిండు, గట్టిగ ప్రార్థన చేసిండు, వారం తిరగకముందే బాల్‌రాజ్‌ను ముంచి, సాలోమోను అని పేరు పెట్టి లేపిండు.

సాలోమోను తాగడు. కొట్టడు. గొంతు లేపడు. అన్నం పెడితే తింటడు, పెట్టకుంటే అడగడు. పాట లేదు, నవ్వు లేదు. ఆశా బడి ముచ్చట ఏదన్న చెప్పి పడి పడి నవ్వితే "బాగున్నది బిడ్డా" అంటడు. ఊరోళ్లు లిదియాను చూసి "నీ రాత బాగున్నది" అన్నరు. ఆమె గూడ అట్లనే అనుకున్నది. రెండేండ్ల నుంచి ఇంట్ల ఒక్క గ్లాసు పగల్లేదు, ఇంకేం కావాలె?

ఆమె మాత్రం తొట్టిలకు దిగలేదు. చేవెళ్ల పాత చర్చిల పుట్టిపెరిగిన పిల్ల, పసిపిల్లప్పుడే నెత్తి మీద నీళ్లు చిలకరించిన్రు. "అది బాప్తిస్మం కాదు సిస్టర్, నిండ మునగాలె" అని గిద్యోను ఎన్నిసార్లు చెప్పినా "నాకు ఒక్కపారి అయింది అయ్యగారు" అనేది. అసలు సంగతి వేరే. మునిగితే ఆమె పాత మనిషి బాల్‌రాజ్ మీద పండుకోవాలె.

బాల్‌రాజ్‌ను మరువనోడు ఊర్ల ఒక్కడే, ఆయనతోని తాగిన దోస్తు కుర్మయ్య. మైసమ్మకు మొక్కెటోడు, చర్చితోని ఆయనకేం పని? అయినా ఆదివారం ఆరాధన అయిపోయినంక వచ్చి తొట్టి గట్టు మీద కూసుంటడు. "ఏందిరా బాల్‌రాజూ, ఈ ఏడు టమాటకు రేటే లేదు" అని ముచ్చట వెడ్తడు. ఎవరూ ఏమనరు. దోస్తు దోస్తే గద.

ఈ ఎండాకాలం చర్చి బోరు ఎండింది. ఊర్ల సగం బోర్లు పోయినయి. ట్యాంకర్లన్ని జన్వాడ ఫామ్‌హౌసుల గడ్డి తడుపుడుకే పోతున్నయి, ఆలూరుకు ఎవడొస్తడు? తొట్టిల నీళ్లు రోజింత దిగుడు మొదలైంది. అప్పుడే ఒక ఆదివారం కుర్మయ్య లిదియా ఇంటి ముంగటికొచ్చి తువ్వాల చేతుల పిసుక్కుంట నిలవడ్డడు.

"వదినె, చెప్పాల్నో వద్దో. మావోడు కన్ను తెరిచిండు."

"నీళ్లు కదిలి అట్ల కనవడ్డదేమో."

"కాదు వదినె. టమాట రేటు చెప్తే నవ్విండు." కుర్మయ్య మొఖంల సంబరం ఉన్నది, భయం గూడ ఉన్నది.

లిదియా ఉరికింది. రెండేండ్లల్ల మొదటిసారి తొట్టిలకు చూసింది. బాల్‌రాజ్ ముక్కు మీద జానెడు నీళ్లు గూడ లేవు. కండ్లు తెరిచి ఆమె దిక్కే చూస్తున్నడు, తాగొచ్చి గడపల నిలవడి చూసే చూపే. ఆమెకు తెల్వకుండనే చెయ్యి పోయి ఎడమ చెవును మూసింది.

ఆ రోజు సంది బిందెలు మోసుడు. బోరింగు కాడ తాగే నీళ్లకే వరుస, ఆడోళ్లు గొణిగిన్రు. అత్త పెంటమ్మ తానం మానుకొని తన బిందె గూడ ఇచ్చింది. ఎంత పోసినా ఎండ తాగుతనే ఉన్నది. లిదియా బస్సెక్కి మొయినాబాద్ పోయింది.

గిద్యోను అక్కడ మెయిన్ రోడ్డు పక్కన కొత్త హాలు లేపుతున్నడు. మనిషి చెడ్డోడేం గాదు, ఒంటిపూట తింటడు, దినాం మూడు చోట్ల మీటింగు పెడ్తడు. గొంతు పోయి గరగరమంటున్నది.

"పాత మనిషి చచ్చినోడు సిస్టర్. చచ్చినోనికి భయపడుడు అవిశ్వాసం."

"కండ్లు తెరిచిండు అయ్యగారు."

"అయితే ఇల్లు ఖాళీగున్నదన్నట్టు. ఊడ్చి తలుపు తీసిపెట్టిన ఇంట్లకు మనం వెళ్లగొట్టినోడే మళ్లొస్తడు. సాలోమోను బ్రదర్ పరిశుద్ధాత్మతోని నిండాలె. నిండిన ఇంట్ల పాతోనికి జాగ ఉండదు. శుక్రవారం ఇక్కడ కనిపెట్టు కూటం పెట్టినం. ఆత్మ దిగేదాక ప్రార్థనే. తోల్కరా."

"అప్పటిదాక ఒక్క ట్యాంకరన్న..."

"కూటాలు కానియ్యి సిస్టర్, చూద్దాం."

ఇంటికొచ్చి చెప్తే పెంటమ్మ నోరు ఊకోలేదు. ఆమె బాప్తిస్మం ఎప్పటిదో. ఆనంద్ బాబు అనే పాత పాస్టరు వాగుల ముంచిండు, ఆమె పాత మనిషి వరదల కొట్టుకపోయింది.

"ముంచుడు ఎంతసేపు? నిమిషం పని. ముంచినంక ఆ అయ్యగారు ఏండ్లకేండ్లు మన అరుగు మీద కూసున్నడు. నాతోని ఏడ్చిండు, నాతోని పాడిండు, నేను పోసిన జొన్న గట్క తాగిండు. అట్ల నిండిన నేను, చుక్క చుక్క. గిద్యోను ముంచి లేపి ఇంకో ఊరికి ఉరుకుతడు. నా కొడుకుతోని ఎవడు కూసున్నడు?"

"మనం గూడ కూసోలేదు అత్తమ్మా," అన్నది లిదియా. "కొట్టకుంటే చాలనుకున్నం."

పెంటమ్మ లేచి కొడుకుకు అన్నం వడ్డించింది.

శుక్రవారం ఆశాను నానమ్మ దగ్గర ఇడిచి మొగడు పెండ్లాలు మొయినాబాద్ పోయిన్రు. హాలుకు ఇంకా తలుపులు లేవు, నిండ జనం. కూటం మొదలైంది. చేతులు లేచినయి, ఏడ్పులు లేచినయి, ఆత్మ పలికిస్తదనే అన్యభాషలు రేకుల మీద వాన లెక్క కురిసినయి. లిదియాకు గూడ గుండె కరిగి కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఒక ముసలాయన తన పాపాలు తలుసుకొని చిన్నపిల్లగాని లెక్క వెక్కి వెక్కి ఏడుస్తున్నడు. సాలోమోను చేతులు లేపమంటే లేపిండు. బస్సు కోసం చూసేటోని లెక్క నిలవడ్డడు.

"నాకేం వస్తలేదు లిదియా. లోపల సప్పుడు లేదు," అన్నడు.

"అడుగు జర. గట్టిగ అడుగు," అన్నది ఆమె, ఆయన అంగీ పట్టుకొని.

గిద్యోను వచ్చి ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టిండు. శానాసేపు ప్రార్థన చేసిండు, చెమటలు కారినయి. ఆఖరికి "నోరు తెరువు బ్రదర్, నేనన్నట్టు అను" అన్నడు. సాలోమోను బుద్ధిమంతుడు, బడిల పలకబెట్టినట్టు మాట వెనుక మాట అన్నడు. గిద్యోను మైకు అందుకున్నడు. "సాలోమోను బ్రదర్ నిండిండు! హల్లెలూయా!" చప్పట్లు మోగినయి. లిదియా మంచి చెవు ఆ దిక్కు తిప్పి విన్నది. అది "బాగున్నది బిడ్డా" అనే గొంతే.

బస్సుల చేవెళ్ల, ఆడికెల్లి ఆటోల ఆలూరు. ఇంకా ఎండ దిగలేదు. ఆటో ఆగకముందే కుర్మయ్య ఎదురొచ్చిండు.

"వదినె, లేచి కూసున్నడు. ఆశా గూడ ఆడనే ఉన్నది. ముసలామె కండ్లు గప్పి వచ్చింది. నేను రమ్మంటే వస్తలేదు."

తొట్టిల నీళ్లు అడుగు నుంచి మోకాలెత్తుకు దిగినయి. బాల్‌రాజ్ నీళ్లల్ల కూసొని ఒక చెయ్యి మెట్టు మీద పెట్టి పాడుతున్నడు, ట్రాలీ తోల్కుంట పాడే పాటనే. ఆశా గట్టు మీద కాళ్లు ఏలాడేసుకొని కూసొని వింటున్నది. ఎన్నాళ్లకో ఆ పిల్ల మొఖం వెలిగి ఉన్నది.

"అమ్మా, బాపు పాడుతున్నడు! మన బాపు!"

"రా బిడ్డా," అన్నడు బాల్‌రాజ్, చెయ్యి చాపి. "లేపు నన్ను."

లిదియా పోయి బిడ్డను ఎత్తుకున్నది. ఎనిమిదేండ్ల పిల్ల, బరువున్నది. దాని జుట్టు వాసన చూసింది, గట్టిగ అదుముకున్నది. బాల్‌రాజ్ రెండో చెయ్యి గూడ మెట్టు మీద పెట్టిండు.

"కుర్మయ్యా, పిల్లను పట్టు," అన్నది. మొగని దిక్కు తిరిగింది. "దిగు. నన్ను ముంచు."

"అయ్యగారు లేడు గద," అన్నడు సాలోమోను.

"నీళ్లున్నయి, నువ్వున్నవు. ఒత్తి పట్టుకునేటోళ్లు లేక లేస్తున్నడు. ఆయనను పండవెట్టుడు నాకు తప్ప ఎవరికి తెలుసు?"

ఆశా ఏడుపు మొదలువెట్టింది. లిదియా దాని మొఖం రెండు చేతులల్ల పట్టుకున్నది. "నేను లేచి వస్త బిడ్డా. వచ్చినదాన్ని అమ్మా అనే పిలువు, సరేనా?"

సాలోమోను తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ పేరు మీద ఆమెను వెల్లకిల ముంచిండు, మెల్లగ, నొప్పి కాకుండ. లేపిండు. నీళ్లు కారుకుంట లేచినామె మొఖం మీద ఒక్క ముడత లేదు. కింద ఇంకో లిదియా బాల్‌రాజ్‌ను నీళ్లల్లకు ఒత్తి, ఆయన రొమ్ము మీద చెయ్యి అడ్డమేసి పండుకున్నది. ఆయన పాట సగంల ఆగింది. ఇద్దరి మీద నీళ్లు కలిసినయి.

కొత్త లిదియాకు రెండు చెవులు వినవడ్తయి. ఆశాకు జుట్టు దువ్వుతది, ఒక్క వెంట్రుక గుంజుకపోదు. అన్నం మాడినా చిరాకు పడదు. పిల్ల కావాల్నని గిన్నె కింద పడేస్తే "పోనియ్యి బిడ్డా" అంటది. మొయినాబాద్ హాలుల గిద్యోను ఈ సంగతి సాక్ష్యంగ చెప్పిండు, కుటుంబమంత మారిందని జనం చప్పట్లు కొట్టిన్రు. ఊరోళ్లు ఆశాను చూసి "నీ రాత బాగున్నది" అంటున్నరు. పెంటమ్మ మాత్రం దినాం పొద్దుగూకినంక కొడుకును, కోడలును ముంగట కూసోవెట్టుకొని పాడుతది, ఏడుస్తది, పాత ముచ్చట్లు చెప్తది. వాళ్లు వింటరు. "నిండుతరు బిడ్డా, మెల్లగ నిండుతరు" అని మనుమరాలికి చెప్తది, ఆమెకే నమ్మకం సరిగ లేదు.

వాన పడలేదు. పొద్దున బడికి పోకముందు ఆశా చిన్న స్టీలు బిందె చంకనేసుకొని చర్చికి పోతది. కుర్మయ్య ముందే చెక్కలు తీసి ఉంటడు. మొన్నటి వరకు అమ్మ కండ్లు మూసుకొనే ఉండె. ఈ పొద్దు పిల్ల వంగేసరికి తెరిచి ఉన్నయి. దువ్వని జుట్టు చూసి కోపం చేసే కండ్లు, అమ్మ కండ్లు. నీళ్ల కింద పెదాలు కదిలినయి.

"కాకా, అమ్మ లేస్తనంటున్నది!"

"లేవాల్నంటే చెయ్యి తీయాలె బిడ్డా," అన్నడు కుర్మయ్య. "చెయ్యి తీస్తే..." ఆయన తువ్వాలతోని కండ్లు ఒత్తుకున్నడు.

ఆశా చూసింది. అమ్మ చెయ్యి కింద బాపు గూడ కండ్లు తెరిచి ఉన్నడు. ఆమె చెయ్యి ఎప్పుడు తీస్తదా అని చూస్తున్నడు, పెదాల మీద నవ్వు ఉన్నది.

పిల్ల శానాసేపు అమ్మను చూసుకుంట నిలవడ్డది. ఆ తర్వాత "పండుకో అమ్మా" అని, బిందె వంచి అమ్మ మొఖం మీద మెల్లగ పోసింది, ఆ కండ్లు మూతవడేదాక. బాపు కండ్లు మూతవడనీకి ఆ నీళ్లు చాలలేదు. ఖాళీ బిందె చంకనేసుకొని మళ్ల బోరింగు దిక్కు నడిచింది.