అస్సుంత నిచ్చెన

వితాలియానో బతికున్నంతకాలం, అతని పొలం గట్టు మీది పొడవాటి పోప్లర్ చెట్టుకు పాకిన నల్లద్రాక్ష మా ఊళ్ళో ఎవరికీ పట్టలేదు. గింజ పెద్దది, తోలు మందం, వైన్ చేస్తే నోరు పిడచకట్టేది. కుక్కద్రాక్ష అనేవాళ్ళం. అతను మాత్రం ఏటా నిచ్చెనెక్కి కోసి, రెండు పీపాలు నింపుకునేవాడు.

అతను మంచాన పడ్డ ఏడు తమ్ముడు సబ్బతీనో వచ్చి, ఆ పీపాలు రెండూ అన్న కిటికీ ఎదుటే పందుల తొట్టిలో ఒంపేశాడు.

"చూడన్నా, పందులు కూడా మొహం చిట్లిస్తున్నాయి!" అని పడీపడీ నవ్వాడు. వితాలియానో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వారమే పోయాడు.

మరుసటి ఏడు నేపుల్స్ నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చి ఆకులు పట్టుకెళ్ళాడు. వేరుపురుగు తిని ఎప్పుడో అంతరించిందనుకున్న రకం ఇదేనని తేల్చాడు. మిగిలింది ఈ ఒక్క తీగే. ఇకపై దీని కొమ్మలతో అంటుకట్టే తోటలన్నీ తీగ సొంతదారు పేరు మీదే లేస్తాయి, రాబడీ వాళ్ళకే.

చెట్టేమో అన్నదమ్ముల పొలాల మధ్య గట్టు మీద ఉంది. గట్టు చెట్టుకు మా దగ్గర ఒకటే పద్ధతి. కోతనాడు చిటారుకొమ్మ గుత్తి ఎవరు కోస్తే తీగ వాళ్ళది.

ఆ రోజు ఊరంతా చెట్టు కింద చేరింది, ప్రొఫెసర్ కూడా వచ్చాడు. సబ్బతీనోవి తీగలన్నీ నడుమెత్తు పందిళ్ళే, వాడి నిచ్చెన ఎప్పుడో పుచ్చిపోయింది.

"వదినా, ఇంట్లో మగదిక్కు లేదు కదా. అన్న నిచ్చెన ఇటిచ్చి, నువ్వు కింద బుట్ట పట్టుకో," అన్నాడు.

వితాలియానో భార్య అస్సుంత గోడకానించిన నిచ్చెన చూపించింది. "తీసుకో మరిదీ."

మా నిచ్చెనలు ఎక్కే మనిషి కాలి కొలతకు చేస్తారు. మెట్ల మధ్య మోకాలు దూర్చి బిగిస్తేనే రెండు చేతులూ కోతకు ఖాళీ అవుతాయి. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పొడుగు. సబ్బతీనో ధీమాగా ఎక్కాడు. సగంలో ఆగాడు.

"ఇదేంటి, మెట్లు ఇంత దగ్గరగా ఉన్నాయి?"

"నా కాలి కొలతకు మార్పించుకున్నానులే. నీ మోకాలు పట్టదు, దిగిరా."

దియోదాతో అనే నిచ్చెనల వడ్రంగి కూడా అరిచాడు. "నిజమేరా, నేనే మార్చాను. దిగు!"

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు.

"దిగు నాయనా," అంది అస్సుంత తియ్యగా. "ఆడదాని నిచ్చెన, భయమేస్తే సిగ్గేముంది? బుట్ట పట్టుకోవడం నీకూ చేతనవుతుందిలే."

సబ్బతీనో మొహం కందగడ్డయింది. ప్రొఫెసర్ వైపు ఒకసారి చూసి, పైకే ఎక్కాడు.

చిటారుకొమ్మకు చెయ్యి చాచినప్పుడు మోకాలు జారింది. ముందు కొమ్మలు విరిగిన చప్పుడు వినబడింది, తర్వాత వాడు నేలకు తగిలిన చప్పుడు. బతికే ఉన్నాడు. నడుము కింద ఏదీ కదలలేదు. ప్రొఫెసర్ ఫోన్ కోసం పరిగెత్తాడు.

"వదినా, నా కాళ్ళేవి? వదినా!"

"ఉన్నాయిలే, అక్కడే ఉన్నాయి," అంది అస్సుంత. గౌను అంచు నడుముకు దోపి, వాణ్ణి దాటుకెళ్ళి నిచ్చెన సరిచేసుకుంది. ఎక్కింది. ఆమె మోకాలు బిగిసింది. చిటారుకొమ్మ గుత్తి కోసి, మిగతావి కూడా ఒక్కొక్కటే, తొందరలేకుండా కోసింది. నిండిన బుట్ట తాడుతో దించుతూ పైనుంచి కేకేసింది.

"మరిదీ, కాస్త పక్కకు జరుగు!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. బుట్ట వాడి చెంప పక్కనే దిగింది.

సెయింట్ మార్టిన్ పండుగనాడు కొత్త వైన్ తెరిచారు. నేపుల్స్ వాళ్ళు ఒక్కో గుక్కా నాలుక మీద తిప్పి తిప్పి మింగారు. మంచంలో ఉన్న సబ్బతీనో ఒక్క గ్లాసు కావాలని కబురు పెట్టాడు. అస్సుంత గ్లాసు కాదు, కూజా నిండా తీసుకెళ్ళింది. వాడి ముక్కు దగ్గర పెట్టి వాసన చూడనిచ్చింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి, వాడి కిటికీ ఎదుట ఉన్న పందుల తొట్టిలో మొత్తం ఒంపింది.

"చూడు మరిదీ," అంది, "ఈసారి మొహం చిట్లించడం లేదు."