చలి చూడ్డానికి వచ్చినవాళ్ళ ఒళ్ళో

నేను ఒక వేడినీళ్ళ బ్యాగును. ఎర్ర రబ్బరు ఒళ్ళు, దాని మీద నిలువు చారలు, పొట్టి మెడ, ఆ మెడకో బిరడా. అందగాళ్ళలో నన్నెవరూ లెక్కపెట్టరని నాకు తెలుసు. ఇంట్లో అందరూ కులాసాగా ఉన్నంతకాలం నేను ఏ మంచం కిందనో పడి ఉంటాను. ఎవరికైనా నడుము పట్టేసిందంటే చాలు, ఇల్లంతా గాలించి, 'ఎక్కడ పెట్టారు దాన్ని' అని ఒకరినొకరు కసురుకుని మరీ నన్ను బయటికి లాగుతారు. నొప్పి తగ్గగానే మళ్ళీ మరిచిపోతారు. అలాగని మనుషుల మీద నాకు కోపమేమీ లేదు. నా కడుపులో నీళ్ళకు తప్ప ఇంక దేనికీ చోటు లేదు.

పుట్టుక గురించి ఎక్కువ చెప్పను. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో కరిగిన రబ్బరును అచ్చులో పెట్టి నొక్కారు. నన్ను పెట్టిన అట్టపెట్టె మీద ఒక అమ్మాయి నన్ను హత్తుకుని నవ్వుతున్న బొమ్మ ఉండేది. ఆమెకు ఏ నొప్పీ ఉన్నట్టు కనిపించదు. మరి అంత గట్టిగా ఎందుకు పట్టుకుందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. నర్సీపట్నంలో ఒక మందుల షాపులో, నడుము బెల్టుల పక్కన, మేకుకు వేలాడుతూ ఉండగా రుత్తల అప్పలనాయుడు వచ్చి నన్ను కొన్నాడు.

ఆయన బస్సు కండక్టరు. నర్సీపట్నంలో సాయంత్రం బయలుదేరి, ఘాటీ ఎక్కి, లంబసింగి దాటి, కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో రాత్రికి ఆగిపోయే బస్సు ఆయనది. మర్నాడు పొద్దున్నే అదే బస్సు మొదటి ట్రిప్పుగా కిందికి దిగేది. డ్రైవరూ, ఆయనా పడుకునేది ఆ ఊళ్ళో గంగులమ్మ అనే ఆమె ఇంటి వసారాలో. నన్ను కొన్నరోజే అప్పలనాయుడు మరిగే నీళ్ళు మెడదాకా పోసి, దాని మీద నడుము వాల్చి, పెట్టిన కేకకు వీధి కుక్కలన్నీ లేచాయి. గంగులమ్మ పొట్ట చెక్కలయ్యేలా నవ్వి నన్ను తన చేతిలోకి తీసుకుంది.

ఆమె నింపే పద్ధతి వేరు. వంటయ్యాక పొయ్యిలో మిగిలిన నిప్పుల మీద నీళ్ళ డేక్షా పెట్టి ఉంచేది. కాగిన నీళ్ళను కాస్త చల్లారనిచ్చి, సగానికి కొంచెం పైదాకా పోసి, లోపలి గాలి బయటికి పోయేలా నా పొట్ట నొక్కి, అప్పుడు బిరడా బిగించేది. పైన గుడ్డ చుట్టేది. అలా చుడితే తెల్లవారేదాకా నాలో వేడి ఉండేది. నా కోసం ఆమె వేరే కట్టెపుల్ల ముట్టించిన రోజు లేదు. పాత బొంత ముక్కతో నాకొక చొక్కా కూడా కుట్టింది. అప్పలనాయుడు రిటైరైన రోజు నన్ను తీసుకుపోలేదు. "దీన్ని నేను మోసింది తక్కువ, నువ్వు నింపింది ఎక్కువ. నీ దగ్గరే ఉంచుకో చెల్లీ" అన్నాడు. అలా నేను కొండమీది దాన్నయ్యాను.

తర్వాత కొన్నాళ్ళకు మైదానంలో జనానికి ఒక కొత్త పిచ్చి పట్టుకుంది. చలి చూడ్డానికి రావడం. సముద్రాన్ని చూడ్డానికి వెళ్ళినట్టు, జలపాతాన్ని చూడ్డానికి వెళ్ళినట్టు, కార్లు కట్టుకుని చలిని చూడ్డానికి వచ్చేవారు. నోట్లోంచి పొగ వస్తుంటే ఫోటోలు తీసుకునేవారు. పళ్ళు టకటక కొట్టుకుంటుంటే ఆ చప్పుడును కూడా రికార్డు చేసుకునేవారు. మా ఊరివాళ్ళు కంబళ్ళు కప్పుకుని అరుగుల మీద కూర్చుని వీళ్ళను చూసేవారు. ఎవరు ఎవరిని చూడ్డానికి వచ్చారో తెలిసేది కాదు.

గంగులమ్మ, ఆమె భర్త లింగన్నదొర ఇంటి పక్కన రెండు గదులు కట్టి అతిథులకు ఇవ్వడం మొదలుపెట్టారు. గంగులమ్మకు ఆ గదులంటే ప్రాణం. పెళ్ళయిన దగ్గర్నుంచి చలికాలమంతా లింగన్నదొర కూలిపనికి కిందికి దిగిపోయేవాడు. గదులు వచ్చాక ఇంటిపట్టున ఉండడం మొదలుపెట్టాడు. ఆమెకు కావలసింది అదే, ఆ మాట ఆమె ఎవరికీ చెప్పకపోయినా నింపేటప్పుడు నాతో చెప్పుకునేది.

వచ్చినవాళ్ళందరూ ఫోనులో అడిగే మొదటి ప్రశ్న హీటరు ఉందా అని. అందుకని లింగన్నదొర రెండు హీటర్లు తెచ్చాడు. ఎర్రగా మొహం పెట్టుకుని గదిలోకి దిగిన హీటరు నన్ను చూసి చూడనట్టు ఊరుకుంది. నాకూ పెద్దగా మాట కలపాలనిపించలేదు. అది కరెంటు తాగే తీరు చూశాక మాత్రం కొంచెం భయమేసింది. అసలు తప్పు దానిది కూడా కాదు. అతిథులు హీటరు పూర్తిగా పెట్టేవారు, కిటికీలు రెండూ బార్లా తెరిచేవారు. ఇంత దూరం చలి కోసం వచ్చి కిటికీ మూసుకుంటే ఎలా అని వాళ్ళ వాదన. పాపం హీటరు కొండనంతా వెచ్చబెట్టాలని చూసేది.

ఒక సాయంత్రం ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఫ్యూజు ఎగిరిపోయి ఊరంతా చీకటైంది. మంచినీళ్ళ ట్యాంకు నింపే మోటారు కూడా ఆగిపోయింది. లైన్‌మన్ కింద నుంచి వచ్చేదాకా ఆడవాళ్ళు బిందెలతో ఊటకు నడిచారు. ఊరి పెద్దలు లింగన్నదొరను పిలిచి మెత్తగానే చెప్పారు. ఇంకోసారి ఇలా జరిగితే గదులు మూసుకోవాలి, ఊరికి నీళ్ళు లేకుండా చేసి అతిథులకు వెచ్చదనం అమ్ముకోవడం కుదరదు అని. లింగన్నదొర సరేనని తలూపాడు. కాదనడానికి అందులో ఏమీ లేదు. గదిలో బొగ్గుల కుంపటి పెడదామా అన్నాడు ఇంటికొచ్చి. మూసిన గదిలో కుంపటి పెడితే నిద్రలోనే ప్రాణం పోతుందని గంగులమ్మ ఒప్పుకోలేదు.

అలాంటి రోజుల్లో భీమవరం నుంచి ఒక కుటుంబం దిగింది. రొయ్యల చెరువులున్న రామభద్రరాజు, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు, ఆయన అత్తగారు పెనుమత్స సుభద్రయ్యమ్మ. అల్లుడు కారు దిగుతూనే చేతులు చాచి 'ఆహా' అన్నాడు. అత్తగారు కారులోంచి కాలు బయటపెట్టి మళ్ళీ లోపలికి తీసేసుకున్నారు. జీవితంలో మొదటిసారి స్వెట్టరు వేసుకున్న మనిషి ఆవిడ.

పొద్దు వాలేసరికి మామూలు తంతే జరిగింది. రామభద్రరాజు రెండు గదుల్లో హీటర్లు పెట్టించి, కిటికీలు తెరిచి, మంచు ఎప్పుడు దిగుతుందా అని నిలబడ్డాడు. వీధి దీపాలు సన్నబడ్డాయి. మోటారు మూలుగుతున్న చప్పుడు ఇక్కడికి వినిపించింది. సుభద్రయ్యమ్మ మంచం మీద ముడుచుకుని కూర్చుని, ఈ చలిలో తను ఉండలేననీ, భోజనాలయ్యాక కిందికి దిగిపోదామనీ అన్నారు. ఆవిడ వెళ్ళిపోతే వాళ్ళ వెనకాల రావాల్సిన చుట్టాల బళ్ళు కూడా రావు. హీటరు ఉంచితే ఫ్యూజు పోతుంది. ఎటు తిరిగినా గదులకు తాళమే.

గంగులమ్మ రెండు గదుల్లోకీ వెళ్ళి, ఎవరినీ అడగకుండా హీటర్ల స్విచ్చులు ఆపేసింది.

"హీటరుందని చెప్పారు కదండీ" అన్నాడు రామభద్రరాజు. కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది ఆ గొంతులో.

"ఉందండి. అది ఎలిగితే మా ఊరికి నీళ్ళు రావు. భోజనాలయ్యేదాకా నాకు ఒగ్గీండి బాబూ. అమ్మగారికి అప్పటికీ సలేస్తే నేనే ఏస్తాను. రేపు గదులు మూసేస్తాను" అంది గంగులమ్మ. నేను ఆమె చంకలో ఉన్నాను. ఆమె గుండె కొట్టుకోవడం నా రబ్బరుకు తెలుస్తోంది.

ఇక పని మొదలైంది. చలి పైనుంచి వస్తుందని మైదానం వాళ్ళు అనుకుంటారు, అందుకే కప్పుకునేవి అడుగుతారు. మంచం మీద చలి కిందినుంచి వస్తుంది. గంగులమ్మ పరుపు మీద రెండు బొంతలు పరిచి, పైన ఒక్కటే కప్పింది. తలుపు వెనక ఇంకో బొంత వేలాడదీసింది. తలుపు కింది సందులో పాత చీర చుట్టి దూర్చింది. లింగన్నదొర పెరట్లో చలిమంట వేసి పిల్లలను పిలిచాడు. వాళ్ళు పరుగెత్తారు. రామభద్రరాజు మాత్రం కిటికీ దగ్గర నుంచి కదల్లేదు.

గంగులమ్మ నన్ను నింపి, చొక్కా తొడిగి, సుభద్రయ్యమ్మ గారి ఒళ్ళో పెట్టబోయింది. ఆవిడ నన్ను చూడగానే చెయ్యి అడ్డం పెట్టారు. "ఇది నాకెందుకమ్మా? నాకేం రోగమా?" అన్నారు. మన ఇళ్ళల్లో వచ్చిన చిక్కే ఇది. వేడినీళ్ళ బ్యాగు అంటే మంచాన పడ్డవాళ్ళ సామాను. సరదాకు ప్రయాణమై వచ్చిన పెద్దమనిషి ఒళ్ళో దాన్ని పెట్టడమంటే ఆవిడ పరువు తీసినట్టే. నాకు సిగ్గేసింది. పుట్టిన దగ్గర్నుంచి మోస్తున్న పేరు అది, చొక్కా తొడుక్కున్నంత మాత్రాన పోదు.

గంగులమ్మ బతిమాలలేదు. సరేనంది. నన్ను తన ఒళ్ళోనే పెట్టుకుని, కొత్తగా దిగిన రాజ్మా కాయలు చేటలో పోసుకుని, ఆవిడ మంచం మీదే ఒక పక్కన కూర్చుని ఒలవడం మొదలుపెట్టింది. కాయలు ఒలిచే ఆడమనిషి పక్కన చేతులు కట్టుకుని కూర్చోవడం గోదావరి జిల్లాలో పుట్టిన మనిషికి చాతకాదు. సుభద్రయ్యమ్మ నాలుగు కాయలు అందుకున్నారు. చల్లబడిన వేళ్ళు సరిగ్గా వంగడం లేదు. ఒక కాయ ఒలిచి, వేళ్ళు నా మీద ఒకసారి ఆనించి తీశారు. ఇంకో కాయ ఒలిచి, ఈసారి కొంచెంసేపు ఉంచారు. మాటల్లో పడ్డారు. వాళ్ళ అమ్మ పచ్చికందికాయలు ఒలుస్తూ పాటలు పాడేదట. గంగులమ్మ ఊకొడుతూ నన్ను వేలితో కొంచెం కొంచెం అటు జరిపింది. చేట సగమయ్యేసరికి నేను సుభద్రయ్యమ్మ ఒళ్ళో ఉన్నాను. ఆ సంగతి ఆవిడకు తెలియదు. నేను ఊపిరి బిగబట్టి, అంటే బిరడా బిగబట్టి, మెదలకుండా పడుకున్నాను.

కాసేపటికి ఆవిడ మెడ చుట్టూ చుట్టుకున్న శాలువా తీసి పక్కన పెట్టారు. తర్వాత కిటికీ వైపు చూశారు.

"అల్లుడుగారూ, ఆ కిటికీ మూసేయండి" అన్నారు. "చలి బయటుందండి. కావాలంటే బయటికెళ్ళి చూసి రండి. దాన్ని లోపలికి పిలవడం ఎందుకూ?"

అత్తగారి మాటకు ఎదురు చెప్పే అల్లుడు ఆ కుటుంబంలో ఇంకా పుట్టలేదనుకుంటాను. రామభద్రరాజు కిటికీ మూసి, మఫ్లరు చుట్టుకుని, పెరట్లో చలిమంట దగ్గరికి వెళ్ళాడు. ముందు కాలుతున్న మంట, వెనక గడ్డకట్టే చలి, పైన నక్షత్రాలు. ఆయనకు కావలసింది అదేనని అక్కడికి వెళ్ళాక తెలిసింది. భోజనానికి మూడుసార్లు పిలిస్తే గానీ లేవలేదు. వీధి దీపాలు మళ్ళీ నిండుగా వెలిగాయి. ట్యాంకు నిండి పొర్లుతున్న చప్పుడు విని లింగన్నదొర గంగులమ్మ వైపు చూశాడు. ఆమె చేట దులుపుతూ తల వంచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు కనబడలేదు.

హీటరు అడిగినవాళ్ళు లేరు. పొద్దున్న లేచేసరికి నేను సుభద్రయ్యమ్మ గారి పాదాల దగ్గర ఉన్నాను, ఇంకా గోరువెచ్చగానే ఉన్నాను. ఆ నీళ్ళను కూడా గంగులమ్మ పారబోయలేదు. ఆవిడ మొహం కడుక్కోవడానికి పోసింది. ఊరికి బయలుదేరే ముందు ఆవిడ నన్ను తనతో తీసుకుపోతానని పేచీ పెట్టారు. భీమవరంలో తమరికి దీంతో పనేముందని గంగులమ్మ నవ్వింది. ఉక్కపోతలో దీన్ని పెట్టుకుని కూర్చుంటే నిజంగానే రోగమొచ్చిందనుకుంటారని కూతురు అంది. ఆవిడ చివరికి నన్ను గంగులమ్మ చేతిలో పెట్టారు. మళ్ళీ ఏడు వస్తాననీ, అప్పటికి తన వస్తువు తనకు ఉండాలనీ గట్టిగా చెప్పి కారెక్కారు.

ఆవిడ వెనకాల చుట్టాలు వచ్చారు, వాళ్ళ వెనక వాళ్ళ చుట్టాలు వచ్చారు. నర్సీపట్నం నుంచి నా తమ్ముళ్ళు కొందరు కొండెక్కారు. అందరికీ బొంత చొక్కాలు కుట్టింది గంగులమ్మ. ఇప్పుడు ఎవరైనా హీటరు ఉందా అని అడిగితే, చేటెడు కాయలున్నాయి, ఒలుస్తారా అని అడుగుతుంది. హీటర్లు రెండూ అటక మీద ఉన్నాయి. ఒకదాని ఇనుప చట్రంలో పిచ్చుక గూడు పెట్టింది. దానివల్ల ఎవరో ఒకరు వెచ్చగా ఉన్నందుకు నాకు సంతోషంగానే ఉంది.

నా సంగతి చెప్పాలి కదా. రబ్బరు ఒంటికి వయసు త్వరగా వస్తుంది. మెడ దగ్గర చీలిక వచ్చి నీళ్ళు కారడం మొదలైంది. గంగులమ్మ నన్ను పారేయలేకపోయింది. ఎండబెట్టిన ఇసుక నాలో నింపి, మెడ దగ్గర దారంతో గట్టిగా చుట్టి, పెద్ద గది తలుపు కింద సందులో అడ్డంగా పెట్టింది. వేడి ఇవ్వలేను గానీ, వేడిని బయటికి పోనివ్వను. చలి రోజూ వచ్చి నా వీపు తడుతుంది. నేను కదలను. ఇసుక కడుపుతో పడుకోవడం కూడా అలవాటైపోయింది.

చెప్పినట్టే మరుసటి చలికాలం సుభద్రయ్యమ్మ వచ్చారు. గంగులమ్మ కొత్త బ్యాగు నింపి ఒళ్ళో పెట్టింది. ఆవిడ ఈసారి చెయ్యి అడ్డం పెట్టలేదు, దాన్ని రెండు చేతులతో హత్తుకుని కూర్చున్నారు. నేను వచ్చిన అట్టపెట్టె మీది అమ్మాయి గుర్తొచ్చింది. కాసేపయ్యాక ఆవిడ ఆ కొత్తదాని చొక్కా తిప్పి తిప్పి చూసి, ఇది నాది కాదే అన్నారు. గంగులమ్మ తలుపు వైపు చూపించింది.

ఆవిడ లేచారు. మోకాళ్ళు పట్టుకుని, గోడ ఆసరాతో, మెల్లగా వంగారు. "కాళ్ళ దగ్గర పడేశావేంటమ్మా దీన్ని" అని గంగులమ్మను కసిరి, నా మీది దుమ్ము దులిపి, అరచెయ్యి నా వీపు మీద ఆనించి అలాగే ఉంచారు. కొత్త బ్యాగును అంతసేపూ పట్టుకున్న చెయ్యి అది, చాలా వేడిగా ఉంది. ఇన్నేళ్ళూ నేను మనుషులను వెచ్చబెట్టాను. నన్ను ఒక మనిషి వెచ్చబెట్టడం అదే మొదటిసారి.